టైలరు కొట్టులో గిటారు తగువు

నేను ఒక గిటారును. కలకత్తాలో ఒక ఇరుకు సందులో పుట్టాను. నన్ను చేసిన ముసలాయన తీగలు బిగించి, ఒకసారి మీటి, "ఇంతకంటే గొప్ప గిటారు నా చేత్తో చేయలేదు" అన్నాడు. నేను పొంగిపోయాను. నా పక్కన ఆరుతున్న పన్నెండింటికీ అదే మాట చెప్పాడని సాయంత్రానికి తెలిసింది. గొప్ప అనే మాటను మనుషులు ఎంత ధారాళంగా వాడతారో అలా పుట్టిన రోజే అర్థమైంది.

గడ్డి కుక్కిన పెట్టెలో రైలెక్కి విశాఖపట్నం చేరాను. వన్‌టౌన్‌లోని ఒక ఆర్కెస్ట్రా నన్ను కొనుక్కుంది. పెళ్లిళ్లలోనూ అమ్మవారి పండగల్లోనూ సినిమా పాటలు వాయించడం మా పని. ఆ ఆర్కెస్ట్రాలో నన్ను ఇద్దరు వాయించారు. మొదట డేవిడ్, అతను షిప్పులో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాక లింగమూర్తి. డేవిడ్ చెయ్యి మహా వేగం. లింగమూర్తిది నిదానం, ఒక్క స్వరాన్ని పట్టుకుని చుట్టాన్ని సాగనంపినట్టు వీధి చివరిదాకా వెళ్లొచ్చేవాడు. ఇద్దరూ చనిపోయారు. ఇద్దరి వాయింపూ ఏ టేపులోనూ లేదు. అందుకే వాళ్ల గురించి ఎవరు ఎంతైనా చెప్పుకోవచ్చు.

చెప్పుకున్నవాళ్లు కూడా ఇద్దరే. ఎలీషా ఆర్కెస్ట్రాలో వాయిద్యాలు సర్ది, తీగలు మార్చేవాడు. పైడిరాజు టైలరు. వాయించేవాళ్లందరికీ తళుకుల కోట్లు కుట్టేవాడు. ఇద్దరికీ కాస్తో కూస్తో నన్ను వాయించడం వచ్చు. ఆర్కెస్ట్రా మూతపడినప్పుడు యజమాని నన్ను వాళ్ల చేతుల్లో పెట్టి, "మీలో ఎవడి మాట నెగ్గితే ఆడు ఉంచుకోండి" అని చేతులు దులుపుకున్నాడు. మాట ఏమిటంటే, ప్రపంచంలో ఇప్పటిదాకా పుట్టిన గిటారు వాయిద్యగాళ్లలో ఎవరు గొప్ప అని. డేవిడ్ అని ఎలీషా, లింగమూర్తి అని పైడిరాజు. వీళ్లిద్దరూ తుని దాటి అవతలికి వెళ్లిన పాపాన పోలేదు. ప్రపంచం గురించి తీర్పు చెప్పడానికి అదేమీ అడ్డం రాలేదు.

ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి పైడిరాజు కొట్టులో వాదన మొదలయ్యేది. పది దాటాక కొట్టులోకి మొదట ఎవరు అడుగు పెడితే వాళ్లే జడ్జి. నెగ్గినవాడు ఆ వారానికి నన్ను ఇంటికి తీసుకెళ్లాలి. పాపం ఆ జడ్జీలకు ముందుగా ఏమీ తెలియదు. బట్టల కోసం వచ్చి బోనులో ఇరుక్కునేవారు. ఒకసారి వరాలమ్మ అనే ఆవిడ ఇద్దరి వాదనా నిలబడి వింది.

"ఆడెవడో గొప్పోడైతే నాకేటి? నా జాకెట్టు గొప్పగా కుట్టినావా నేదా, అది సెప్పు ముందు," అంది.

జాకెట్టు ఇంకా కత్తిరించనేలేదు. పైడిరాజు మడత విప్పని గుడ్డను మిషను కిందికి తోశాడు. ఆవిడ కోపం కొద్దీ డేవిడ్‌ను గెలిపించి వెళ్లిపోయింది. నేను ఎలీషా సైకిలెక్కాను.

వాళ్ల సాక్ష్యాల సంగతి కూడా చెప్పాలి. పైడిరాజు దగ్గరున్న పెద్ద సాక్ష్యం అనకాపల్లి పెళ్లిలో లింగమూర్తి పాట నడుమ ఆగిన ఆగడం. జనం ఊపిరి బిగబట్టారట, ఆ మౌనంలో కూడా సంగీతం వినపడిందట. నేను అతని ఒళ్లోనే ఉన్నాను. అతను తుమ్ము ఆపుకుంటున్నాడు.

ఎలీషా సాక్ష్యం భీమిలి పండగలో డేవిడ్ తీగ తెగిపోయినా ఐదు తీగలతో పాట పూర్తి చేయడం. ఆ తీగ తెగలేదు. అసలు బిగించనే లేదు. పాతది ఊడదీసిన ఎలీషా కొత్తది జేబులో వేసుకుని మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి వెళ్లాడు. వచ్చేసరికి పాట మొదలైపోయింది. డేవిడ్ చివరిదాకా లాక్కొచ్చి, మైకులో "తీగ తెగింది, క్షమించాలి" అన్నాడు. యజమానికి నిజం తెలిస్తే ఎలీషా ఉద్యోగం ఆ పూటే ఊడేది. ఎలీషా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డేవిడ్ గొప్ప అని మాత్రం ఇరవై రెండేళ్లు చెప్పాడు. నేను వాళ్లను చూసి నవ్వుకున్నాను గానీ ఈ ఒక్క విషయంలో నాకు నవ్వు రాదు.

కిందటేడు వేసవిలో ఎలీషాకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. గిటారు మెట్ల మీద నడిచేది ఆ చెయ్యే. డాక్టరు వేళ్లు ఆడించమని రబ్బరు బంతి ఇస్తే దాన్ని గోడకేసి కొట్టాడట. మూడు నెలలు నేను పైడిరాజు కొట్టులో దుమ్ము కొట్టుకుపోయాను. ఒక ఆదివారం ఎలీషా కూతురు రూతు అతన్ని ఆటోలో తీసుకొచ్చింది.

"మీరైనా సెప్పండి బాబాయ్. ఇలాగే వదిలేస్తే ఇంక ఆ చెయ్యి రాదంటున్నారు డాక్టరు గారు," అంది.

ఎలీషా నావైపు చూడలేదు. "ఒరే పైడీ, లింగమూర్తే గొప్పోడు. ఒప్పేసుకున్నాను. ఆ గిటారు నువ్వే ఉంచీసుకో. నాకింక దాంతో పనేటి," అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఈ మాట కోసమే కాచుకున్న మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. పైడిరాజు మెడలోని కొలతల టేపు తీసి చేతికి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. అతనికి భయం వేసింది. అది నాకు స్పష్టంగా కనిపించింది.

"లింగమూర్తి గొప్పోడని ఎవడన్నాడ్రా?" అన్నాడు చివరికి. "నాను మనసు మార్సుకున్నాను. ప్రపంచంలోకెల్లా గొప్పోడు ఎలీషా."

"ఏ ఎలీషా?"

"నువ్వే."

"నీకు గాని బుర్ర తిరిగిందేటిరా? చెయ్యి పడిపోయినోడితో యేళాకోళమా?"

"అలగైతే రుజువు సెయ్యి. జడ్జి వస్తాడు గదా, వాయించి సూపించు, నువ్వు పనికిరావని."

ఎలీషాకు ఒళ్లు మండింది. వాదన అంటే ముందూ వెనకా చూసుకునే మనిషి కాదు. కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుని నా మెడ మీద పడేశాడు. అప్పుడే ఒక ఆర్టీసీ కండక్టరు ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చి జడ్జి అయిపోయాడు. ఎలీషా మీటాడు. నా నోట బొయ్యిమన్న మూలుగు వచ్చింది. అంత అవమానం నాకు ఎన్నడూ జరగలేదు.

"మా బస్సు గేరు మారిస్తే ఇలాగే ఉంటాదండి," అన్నాడు కండక్టరు.

"నెగ్గినాను!" అని అరిచాడు ఎలీషా.

నెగ్గినవాడు నన్ను తీసుకెళ్లాలి కదా. పైడిరాజు మొహం వేలాడేసుకుని నన్ను ఆటోలో పెట్టాడు. మొహం వేలాడేయడం అతనికి సరిగా చేతకాదు, మీసం కింద నవ్వు దాగలేదు.

ఇంట్లో నన్ను ఎదురుగా పెట్టుకుని ఎలీషా రెండు రోజులు తిట్టాడు. మూడో రోజు చూపుడు వేలు నా తీగ మీద ఆన్చాడు, అదీ రూతు వంటింట్లో ఉన్నప్పుడు. ఆదివారం వచ్చింది, వాదించాడు, చెత్తగా వాయించి నెగ్గాడు. ఆ తర్వాత వారమూ నెగ్గాడు. శీతాకాలమంతా పైడిరాజు ఓడిపోతూనే ఉన్నాడు. నేను ఎలీషా ఇంట్లోనే ఉండిపోయాను. చూపుడు వేలు తర్వాత నడిమి వేలు లేచింది. ఉంగరం వేలు మొండికేసింది. సంక్రాంతి దాటాక అదీ దారికొచ్చింది. చిటికెన వేలు సంగతి అడగకండి.

మొన్న ఆదివారం కరెంటాఫీసు లైన్‌మన్ ఒకడు ఖాకీ చొక్కా భుజం చిరిగిందని వచ్చాడు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. నెగ్గాలంటే ఎలీషా పాట చెడగొట్టాలి. పాపం చెడగొడదామనే మొదలుపెట్టాడు. వేళ్లు ఒప్పుకోలేదు. చిన్న పాటే, ఎక్కువ మెట్లు లేనిదే. మధ్యలో ఒకచోట తడబడింది కూడా. నేను మాత్రం నా వంతు దాపరికం లేకుండా పలికాను.

పాట అయ్యాక లైన్‌మన్ స్టూలు మీంచి లేవలేదు. చిరిగిన చొక్కా ఒళ్లో పెట్టుకుని, "మాస్టారూ, తొందరేటి నేదు గాని, ఇంకోపాలి వాయించరా?" అన్నాడు.

పైడిరాజు కుట్టుమిషను మీద చెయ్యి చరిచి, "నాను నెగ్గినాను!" అన్నాడు. అంటూనే సూదిలో దారం ఎక్కించడానికి వంగిపోయాడు.

ఎలీషా తన ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు బొటబొట కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంత సంతోషంగా ఓడిన మనిషిని నేను చూడలేదు. షరతు షరతే కాబట్టి నన్ను తీసి పైడిరాజు చేతికిచ్చి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"విర్రవీగకురా పైడీ. వచ్చే ఆదివారం ఇంతకంటే దరిద్రంగా వాయించి నెగ్గకపోతే నా పేరు ఎలీషా గాదు."