పద్దెనిమిదో చీటీ

మంచుబాబాయి ఐదో గది తలుపు పిడిని ఎడమచేతి వెనకభాగంతో తాకి, తల ఊపి, ఆరో గదికి నడిచాడు. మీటరు చూడడం ఆ తర్వాతే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ మందుల గోడౌన్‌లో ఆయన పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఆరు చల్లగదుల్లోనూ ఇన్సులిన్, టీకాలు ఉంటాయి. అన్నేళ్లు ఆ చలిలో తిరిగిన మనిషి కాబట్టి ఎండాకాలంలో బస్సెక్కితే ఆయన పక్క సీటు కోసం జనం కొట్టుకుంటారని, తుమ్మితే కిటికీ అద్దానికి మంచు పడుతుందని చెప్పుకుంటారు. మొదటిది నిజం. రెండోది సగం నిజం.

పొట్టి మనిషి. మెడ ఉందో లేదో తేలాలంటే మఫ్లర్ తీయించాలి. చలికి ఉబ్బిపోయిన వేళ్లతో కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. అందుకే ఆయన పెన్సిల్‌తో కాగితం మీద రాస్తాడు, గోడౌన్ కంప్యూటర్లు చూసే ఇంజినీరమ్మ టైపు చేస్తుంది.

రాసేవి చీటీలు. గదుల్ని ఇప్పుడు చూసుకునేది కంప్యూటర్లో ఉండే ఏఐ ఏజెంట్. తలుపు మూయడానికో టూలు, కొలత చదవడానికో టూలు, ఇలా పద్దెనిమిది దాని చేతికిచ్చారు. ప్రతి టూలుకీ ఒక చీటీ. ఏది ఎప్పుడు, ఎలా వాడాలో ఏజెంట్ ఆ చీటీ చదివే తేల్చుకుంటుంది. రేపటి నుంచి తలుపుల దగ్గర మనుషులుండరు. బాబాయికి ఇవాళే ఆఖరి రోజు. పదిహేడు చీటీలయ్యాయి. చల్లదనం మార్చే టూలు ఒక్కటే మిగిలింది.

దాని పాత చీటీలో ఉన్నది ఒకే ముక్క: ‘గది ఉష్ణోగ్రతను మారుస్తుంది.’ కిందటి వారం మూడో గది ఆరు డిగ్రీల్లో ఉంటే, ఐదుకు తేవాలని ఏజెంట్ ఐదు అని ఇచ్చింది. ఆ టూలేమో ఇచ్చిన అంకెను ఉన్నదానికి కలుపుతుంది. గది పదకొండుకెక్కింది. పిడి తేడాగా తగిలి బాబాయి పరుగెత్తబట్టి సరిపోయింది, లేకపోతే నాలుగు వేల సీసాలు చెత్తలోకే. ఆ పరుగు చూసిన గోడౌన్ పిల్లి మూడు రోజులు ఇటువైపు రాలేదు.

“అది మొద్దు బాబాయ్,” అంది ఇంజినీరమ్మ ఆవేళ.

“మనం చెప్పనిది దానికెలా తెలుస్తుందమ్మాయ్? మొద్దు నీ చీటీ.”

ఇవాళ పదిన్నరకి కాగితం పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్లాడు. ఏ చీటీ రాసినా టీ పోసే ఆవిడకి చదివి వినిపించడం ఆయన పద్ధతి. చల్లగది లోపల ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె తప్పు చెబితే, తప్పు చీటీది.

“ఇవ్వాల్సింది గది ఎంతలో ఉండాలో ఆ అంకె కాదు, ఇప్పుడున్నదానికి ఎంత కలపాలో ఆ అంకె,” అని చదివాడు. “గది ఏడులో ఉంది చెల్లెమ్మా. నాలుగు కావాలి. ఎంతిస్తావ్?”

“మూడు.”

“పదికెక్కింది. మందులన్నీ పాడు.”

“నా మీద పడతావేంటన్నా. తగ్గించాలంటే ఏం చెయ్యాలో రాశావా అందులో?”

రాయలేదు. అక్కడే నిలబడి రాశాడు: ‘ఏడు నుంచి నాలుగుకు రావాలంటే మైనస్ మూడు ఇవ్వాలి. మూడు ఇస్తే పదికి పోతుంది.’

ఆమె గ్లాసు తుడుస్తూ, “అసలు ఎంతలో ఉందో తెలీకపోతేనో? మీటరు చచ్చిపోతేనో?” అంది.

బాబాయి చేతిలో టీ చల్లారడం వింత కాదు. కానీ ఈసారి తాగడమే మర్చిపోయాడు.

మధ్యాహ్నం ఇంజినీరమ్మ కాగితం చూసి నిట్టూర్చింది. “ఒక్క వాక్యాన్ని తొమ్మిది చేశారు. ఐదింటికల్లా కంప్యూటర్లోకి ఎక్కించాలి బాబాయ్. ఇదిగో, ‘కొలత రాకపోతే ఏదీ మార్చకు, మనిషిని పిలువు’ అన్నారు. ఏ మనిషిని? రేపటి నుంచి ఎవరూ ఉండరుగా.”

“నేనూ అదే అడుగుతున్నా.”

“అది పైవాళ్లు చూసుకుంటారు.”

“పైవాళ్లకి ఫోన్ నంబరుంటే చెప్పు, రాస్తా.”

“మీదే రాసెయ్యండి మరి.”

“మా ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. నేనొచ్చేసరికి గది కాగుతుంది. మా ఆవిడ రోజూ పొడుచుకునే ఇన్సులిన్ ఈ గదుల్లోదే అమ్మాయ్. ఒక మనిషి పేరూ నంబరూ లేకుండా ఈ చీటీ ఎక్కదు. నేనూ కదలను.”

క్రేన్ తెచ్చినా లేవనట్టు కూర్చున్నాడు. నాలుగైంది. నాలుగున్నరైంది. ఇంజినీరమ్మ గోడౌన్‌కి రెండిళ్ల అవతలే అద్దెకుంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి ఆమే పెన్సిల్ లాక్కుని తన పేరు, కింద తన నంబరు రాసింది.

“తొమ్మిదో అంకె ఏడా, ఒకటా?” అన్నాడాయన.

“ఏడు బాబాయ్.”

“సరిగ్గా దిద్దు.”

చీటీ ఎక్కించి, మూడో గది మీటరు తీగ ఊడదీసి చూశారు. ఏజెంట్ కొలత అడిగింది. రాలేదు. మళ్లీ అడిగింది. రాలేదు. చల్లదనం టూలును అది ముట్టుకోలేదు. ఇంజినీరమ్మ జేబులో ఫోన్ మోగింది.

“ఆఁ, చూస్తున్నా,” అంది ఫోన్ చేసిన ఏజెంట్‌తో, అత్తగారితో మాట్లాడినంత మర్యాదగా. అని, నవ్వుతూ వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. గేటు దగ్గర అడిగితే, ఐదింటి బస్సుకు వెళ్లిపోయాడన్నారు.

తీగ మళ్లీ తగిలించడానికి ఆమె ఒక్కతే మూడో గదికి వెళ్లింది. పక్కన వెచ్చటి మోటారు పెట్టె మీద బాబాయి రోజూ తొడుక్కునే ఉన్ని మేజోళ్ల జత ఆరేసి ఉంది. ఒకటి ఆరింది, రెండోది ఇంకా తడిగానే ఉంది.