ముందంచు మీద గోరింటాకు

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. కొత్తదాన్ని కాదు. ఒళ్లో పెట్టుకుంటే తొడలు చుర్రుమంటాయి. నా ఫ్యాను తిరగడం మొదలెడితే పక్కగదిలోంచి "మిక్సీ ఎవరేశారు?" అని అడుగుతారు. నా మీటల్లో అన్నిటికన్నా ఎక్కువ అరిగిపోయింది రాసినదాన్ని చెరిపేసే మీట. మనుషుల గురించి నేను మొదట తెలుసుకున్న సంగతి అదే.

ఎక్కడో సముద్రానికి అవతల, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడవాళ్లు వరుసగా కూర్చుని నన్ను ముక్కముక్కగా బిగించారు. వాళ్లలో ఒకామె నా ముందంచున, కుడి మణికట్టు ఆనే చోట, కందిగింజంత మీటనొకదాన్ని అమర్చింది. దాన్ని కుడివైపుకు జరిపితే పక్కనున్న చుక్క నీలంగా వెలుగుతుంది, నేను గాలిలో వచ్చే వై-ఫైని అందుకుంటాను. ఎడమవైపుకు జరిపితే చుక్క నారింజ రంగుకు మారుతుంది, నాకు చెవులు మూసుకుపోతాయి. అప్పుడు ఎన్ని టవర్లు మొత్తుకున్నా వినపడదు. మీరైనా ఈ మీటను గుర్తుపెట్టుకోండి. ఈ కథలో మనుషులెవరికీ అది గుర్తుకు రాలేదు.

మొదట నేను రాజమండ్రిలో విత్తనాల కంపెనీ మేనేజరు దగ్గర ఉన్నాను. ఆయన నన్ను జీపులో వేసుకుని ఊళ్లన్నీ తిప్పాడు. ఆయనకు విసుగొచ్చాక కాకినాడలో ఒక జిరాక్సు షాపుకు చేరాను. అక్కడ నాకు రెండు సంగతులు జరిగాయి. ఒకాయన హడావిడిగా వస్తూ నేలమీది నెట్ వైరుకు కాలు తగిలించి పడ్డాడు. ఆయన లేచి వెళ్లిపోయాడు గానీ, వైరు దూర్చే నా రంధ్రం మళ్లీ పనిచేయలేదు. రెండోది, వచ్చేపోయేవాళ్ల మణికట్లు తగిలి నా కందిగింజ మీట అస్తమానం జరిగిపోతుంటే, షాపాయన చిరాకుపడి దానిమీద నల్లటేపు ముక్క అంటించేశాడు. నేను ఎదుర్కొన్న వైద్యాలన్నిటిలోకీ తెలివైన వైద్యం అదొక్కటే.

ఆ టేపుతోనే నన్ను భార్గవ కొనుక్కున్నాడు. అప్పుడతను ఇంజనీరింగు చదువుతున్నాడు. నామీదే పరీక్షలు రాశాడు, నామీదే పులిహోర తిన్నాడు, ఉద్యోగం వచ్చాక విశాఖ తీసుకెళ్లాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ టేపు ఎత్తి చూడలేదు. అతుకు వేసి ఉందంటే కింద చిరుగే ఉంటుందనుకున్నాడు పాపం.

భార్గవకు వైశాఖంలో పెళ్లయింది. పెళ్లికూతురు నీరజది కాకినాడ. అక్కడే ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతోంది. వేసవి సెలవులు విశాఖలో కళ్లు మూసి తెరిచేలోగా గడిచిపోయాయి. ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు, అత్తగారు ఒకే గడప దాటకూడదని నీరజను పుట్టింటికి పంపారు. బస్సెక్కించేటప్పుడు భార్గవ నన్ను ఆమె ఒళ్లో పెట్టి, "రోజూ ఇందులో కనిపిస్తాను" అన్నాడు. ఫోనులో కనిపించవచ్చు కదా అని ఆమె అడగలేదు. నా తెర పెద్దది, అందులో మొగుడు పెద్దగా కనిపిస్తాడు.

కాకినాడ చేరిన రోజే ఆమె నాకు తలంటినంత పని చేసింది. కొత్త కాపురంలో మనిషికి ఏది చూసినా తుడవాలనిపిస్తుంది కాబోలు. కళ్లద్దాల గుడ్డతో తెర తుడిచింది, దువ్వెన పళ్లతో మీటల సందులు దులిపింది, నల్లటేపును గోటితో లేపి తీసి, జిగురు పోవడానికి కొబ్బరినూనె రాసింది. కింద బయటపడ్డ కందిగింజ మీటను చూసి, "ఎంత ముద్దుగా ఉందో!" అంది. అదేమిటని మాత్రం ఎవరినీ అడగలేదు. నన్నింత ప్రేమగా ఎవరూ చూసుకోలేదు. నాకొచ్చిన కష్టమంతా ఆ ప్రేమలోంచే వచ్చింది.

విశాఖలో ఒక కాలేజీ ఆమెను ఆన్‌లైన్‌లో పాఠం చెప్పి చూపించమంది. అంశం ఆకుల్లో రంగులు. తెరమీద బొమ్మలు చూపిస్తూ, వాటిమీద గీస్తూ చెప్పాలి, కాబట్టి ఫోనులో కుదరదు, కంప్యూటరే కావాలన్నారు. ఆ ఉద్యోగం వస్తే శ్రావణంలో విశాఖ వెళ్లిపోవచ్చు. రాకపోతే ఏడాదంతా కాకినాడ కాలేజీలోనే. "అప్పుడు నాకు ఆదివారం మొగుడే గతి" అని తల్లి సుభద్రమ్మతో అని, నవ్వబోయి నవ్వలేకపోయింది.

పాఠం ముందురోజు సాయంత్రం సుభద్రమ్మ కూతురికి గోరింటాకు పెట్టింది. పెరట్లో కోసి రుబ్బిన ఆకు. అరచేతి మధ్యలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. రెండు చేతులూ నిండిపోయాక ఆమె నా ముందు కూర్చుంది. తెరమీద భార్గవ.

"చూడండి, చందమామ!"

"ఇంకా దగ్గరగా పెట్టు. ఇంకా… ఎంత ఎర్రగా పండితే మొగుడంటే అంత ఇష్టమంట కదా?"

"పండాక మాట్లాడండి."

సరిగ్గా అప్పుడు అతని ముఖానికి అడ్డంగా ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కిటికీ వచ్చి నిలబడింది. ఇప్పుడా, తర్వాతా? రోజూ వచ్చేదే. రోజూ ఆమె తెరమీద వేలితో 'తర్వాత' నొక్కేసేది. ఈసారి వేళ్లకు టోపీలున్నాయి. ముక్కుతో నొక్కబోయింది, అందలేదు. మోచేతితో పొడిచింది. పోయి పోయి అది 'ఇప్పుడు' మీద పడింది. భార్గవ సగం మాటలో మాయమైపోయాడు. "అయ్యో అయ్యో" అంటూ ఆమె ముంజేతితో నా ముందంచు పట్టి తనవైపు లాక్కుంది. ఆ లాగుడుకు కందిగింజ మీట ఎడమవైపుకు జరిగింది. చేతినుంచి గోరింటాకు ముద్ద ఒకటి రాలి, సరిగ్గా ఆ గాడిలో పడి, నారింజ చుక్కను కప్పేసింది.

అప్పుడే ఎవరైనా తుడిచి ఉంటే ఈ కథ ఉండేది కాదు. అందరూ తెరమీద గిర్రున తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చున్నారు.

తెల్లారేసరికి నా ముఖం మారిపోయింది. గుర్తులన్నీ చోట్లు మారాయి, కిటికీల మూలలు గుండ్రంగా అయ్యాయి. నీరజ స్నానం చేసి, కుంకుమరంగు చీర కట్టుకుని వచ్చి నన్ను తెరిచింది. వై-ఫై జాబితా ఖాళీ. ఏ నెట్‌వర్కూ దొరకలేదని చూపించాను. పాఠం పదకొండింటికి.

"ఏవండీ, ఈ అప్‌డేట్ కొంప ముంచిందండీ" అంది ఫోనులో.

"కంగారుపడకు. ముందు రీస్టార్ట్ చెయ్."

చేసింది. జాబితా ఖాళీ. సుభద్రమ్మ స్టూలెక్కి గోడమీది రూటరును ఆపి, మళ్లీ వేసింది. దాని తప్పేమీ లేదు, ఫోన్లన్నీ దానితో చక్కగా మాట్లాడుతున్నాయి. చెవులు మూసుకుపోయింది నాకైతే, మందు దాని నోట్లో పోశారు.

"ఇప్పుడేమంటోంది?" అన్నాడు భార్గవ.

"ఏమీ అనట్లేదు."

"అయితే ఇంకోసారి రీస్టార్ట్ చెయ్."

"మీరు మళ్లీ ఆ మాటంటే ఫోను పెట్టేస్తాను."

తర్వాత ట్రబుల్‌షూటర్‌ను నడిపించారు. జబ్బేమిటో నా నోటితోనే చెప్పించే ఏర్పాటు అది. ఇన్నాళ్లకు నన్ను అడిగారు కదా, 'మీట జరిగిందమ్మా, గోరింటాకు కింద చూడు' అందామనుకున్నాను. కానీ ఆ ట్రబుల్‌షూటర్‌కు కొన్ని మాటలే నేర్పారు. కాసేపు ఆకుపచ్చ గీత అటూ ఇటూ పరిగెత్తి, 'సమస్య ఏదీ కనిపించలేదు' అని తేల్చింది. నా తెరమీద, నా వెలుగుతో, ఇంత పచ్చి అబద్ధం! తెర పగలగొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. నాకు చేతనైంది ఫ్యాను తిప్పడం. తిప్పాను.

"ఇది రొప్పుతోందండీ."

"వేడెక్కినట్టుంది. ఫ్యాను కింద పెట్టు."

ఫ్యాను కింద పెట్టారు. తర్వాత వై-ఫై డ్రైవరును తీసేసి మళ్లీ వేశారు. అంటే నాలో ఉన్న వినే విద్యను మొత్తం మరిపించి, మొదటినుంచి నేర్పించారన్నమాట. నేర్చుకున్నాను. చెవులు మూసుకుని ఉన్నవాడికి సంగీతం ఎన్నిసార్లు నేర్పితే ఏం లాభం? అప్‌డేట్‌నే వెనక్కి తీసేద్దామని చూశారు. దానికి గంటకు పైగా పడుతుందని చెప్పాను, వదిలేశారు. ఫోనులోని నెట్ అందుతుందేమోనని దాన్ని వైరుతో నాకు తగిలించారు. ఆ వైరు బజారులో కొన్నది, ఛార్జింగు ఎక్కించడం తప్ప మరో పని రాదు.

"పక్కవాళ్లనెవరినైనా అడగవే" అంది సుభద్రమ్మ.

"పనిరోజమ్మా. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు ఆఫీసుకు పట్టుకుపోయారు."

"ఆషాఢంలో కొత్త పని మొదలెట్టొద్దంటే విన్నావు కాదు. పైగా రాత్రి గోరింటాకు చేతులు దీనికి చూపించావు. దిష్టి తగలదూ?" అని ఆవిడ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి నాచుట్టూ తిప్పింది. నాలుగు ఉప్పురాళ్లు మీటల మధ్య పడ్డాయి. పొయ్యిలో మిరపకాయలు పడగానే ఇల్లంతా దగ్గింది. నవ్వకండి. పొద్దుటినుంచి చేసిన వైద్యాలన్నిటిలో ఇదొక్కటే నా జబ్బును మరింత పెంచలేదు.

పదిన్నర దాటింది. భార్గవ ఆఫీసులో పని మానేసి, ఎక్కడెక్కడి సలహాలో చదివి, నల్లకిటికీలో టైపు చేసే కమాండ్లు ఒక్కో అక్షరం చెబుతున్నాడు. నీరజ కొడుతోంది, తప్పు పోతోంది, చెరుపుతోంది. అరిగిన మీట ఇంకా అరిగింది.

"నీరజా, నిజం చెప్పు. నిన్న నువ్వే ఏదో నొక్కి ఉంటావు."

"నేనా? నా పదివేళ్లకీ గోరింటాకుంటే నేనెలా నొక్కుతానండీ?"

"మరి దానంతటదే పాడైందా?"

"ముసలిదాన్ని నాకు అంటగట్టి ఇప్పుడు నన్నంటారా? నేనేమీ నొక్కలేదు!"

ఇద్దరూ నిజమే చెప్పారు. అతనన్నట్టు చేసింది ఆమే. ఆమె అన్నట్టు వేలితో ఏదీ నొక్కలేదు, మోచేతితో పొడిచింది, ముంజేతితో లాగింది. పెళ్లయ్యాక వాళ్లకిది మొదటి పోట్లాట. మధ్యలో కూర్చున్న నేను, జవాబు ఒంటిమీద పెట్టుకుని, మూగదాన్నై చూస్తున్నాను.

ఫోనులోంచి భార్గవ ఊపిరి వినిపిస్తోంది. నీరజ కళ్లు నిండాయి. కుడి మణికట్టు నా ముందంచున ఆనించి, ఎటో చూస్తూ కూర్చుంది.

గోరింటాకు పెట్టుకున్న మనిషి మర్నాడంతా ఒక పని చేస్తూనే ఉంటుంది. చర్మానికి అంటుకుని మిగిలిన ఎండుముక్క ఎక్కడ తగిలినా, తనకు తెలియకుండానే గోటితో గిల్లి రాల్చేస్తుంది. నీరజ వేలికి నా అంచున గరుకుగా ఏదో తగిలింది. ఆలోచించకుండానే గోటితో గిల్లింది. సగం ఊడింది. మిగిలిన సగాన్ని కుడివైపుకు గీకింది.

టిక్కుమంది.

గోరింటాకు పొడి రాలింది. కింద నారింజ చుక్క మినుకుమని, నీలంగా వెలిగింది. నీరజ చూపు కిందికి దిగింది. నీలం చుక్కనూ, కందిగింజ మీటనూ, తన గోటి కింద ఇరుక్కున్న ఎండాకునూ చూసింది. నోరు మెల్లగా తెరుచుకుంది. తెరమీద నెట్‌వర్కుల పేర్లు చినుకుల్లా రాలాయి. వాళ్లదీ, ఎదురింటిదీ, వీధి చివర డాక్టరుదీ.

"ఏమైంది? ఎందుకు మాట్లాడవు? నీరజా, ఏడుస్తున్నావా?"

"వచ్చిందండీ."

"వచ్చిందా! చెప్పానా? ఆ చివరి కమాండే! అందులోనే ఉంది కిటుకు!"

ఆమె నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. నిజం చెబితే పోట్లాటలో అతనిదే గెలుపు. చెప్పకపోతే, కమాండు గెలుపు అతనిది, పోట్లాట గెలుపు తనది. ఆమె పెదవి కొరుక్కుంది.

"అవునండీ. మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో."

"ఇందాక అన్న మాటలకి సారీ."

"ఫర్వాలేదులెండి" అంది దొరసానిలా.

పదకొండింటికి కాలేజీవాళ్లు ముగ్గురు నా తెరమీదికి వచ్చారు. హడావిడిలో నీరజకు మొదటి బొమ్మ ఎక్కడుందో దొరకలేదు. ఒక్క క్షణం తడబడి, అరచేయి ఎత్తి కెమెరాకు చూపించింది. చందమామ చిక్కటి ఎరుపులో పండింది. "నిన్న నా చేతిమీద పెట్టింది పచ్చటి ఆకు. ఈ ఎరుపు అందులో ఎక్కడ దాక్కుంది?" అని మొదలుపెట్టింది. ఆకులోని ఆ రంగు చర్మంలోని కెరటిన్‌ను ఎలా పట్టుకుంటుందో చెబుతుంటే, తెరమీద ముగ్గురిలో పెద్దావిడ తన చేయి తిప్పి చూసుకుంది. అది చూశాక నాకు భయం పోయింది.

ఉద్యోగం వచ్చింది. శ్రావణంలో విశాఖ వచ్చేశాం. ఇప్పుడు వంటింటి పక్క బల్లమీద ఉంటున్నాను. భార్గవ ఆఫీసులో ఎవరికి వై-ఫై రాకపోయినా ఫోను ఇతనికే వస్తుంది. నా ముందే కూర్చుని ఆ చివరి కమాండును అక్షరం అక్షరం ఓపిగ్గా చెబుతాడు. వాళ్లలో కొందరికి పనిచేస్తోందట కూడా! లోపల పోపు వేస్తున్న నీరజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

నా కందిగింజ మీటమీద ఇప్పుడు టేపు లేదు. దాన్ని కుడివైపుకు జరిపి, మళ్లీ జరగకుండా ఆమె ఎర్రటి బొట్టుబిళ్ల అంటించింది. మొన్న దాన్ని భార్గవ చూశాడు.

"ఇదేంటి?"

"దిష్టి తగలకుండా."

"ఓహో" అని, దానిమీద ఒకసారి వేలితో తట్టి, అతను కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.