మెరుపు సీసా చేసే పద్ధతి

"మీకిదేమంత పని అత్తయ్యా, కూర్చునే చేసుకోవచ్చు" అంది కోడలు, ఖాళీ నీళ్ళ సీసాలు నింపిన సంచి వంటగదిలో దించుతూ. నలభై సీసాలు. కూర్చుని చేసేది పని కాదని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళ నడుము ఎప్పుడూ పట్టేసి ఉండదు.

సీసాకి ఉన్న కాగితం ఊడాలంటే ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. కాగితం వచ్చేస్తుంది, దాని వెనక జిగురు రాదు. నూనె రాసి, గుడ్డతో రుద్ది, మళ్ళీ సబ్బుతో కడగాలి. ఆరాక మూడో వంతు తెల్లజిగురు, మిగతా వేడినీళ్ళు, రెండు చెంచాల మెరుపు పొడి, నాలుగు పూసలు. పైన రెండు వేళ్ళ ఖాళీ వదిలి, పిల్లలు తెరిచి తాగకుండా మూత అంచుకి గట్టి జిగురు రాసి బిగించాలి. ఊపితే లోపల మెరుపులు సుడి తిరుగుతాయి. ఏడుస్తున్న పిల్ల చేతికిస్తే, అవి అడుక్కి దిగేలోపు పిల్ల ఏడుపు కూడా దిగుతుంది.

కోడలు చిన్నపిల్లల బడిలో టీచరు. శుక్రవారం తల్లిదండ్రులు వస్తారు, బల్ల మీద ఈ సీసాలు వరసగా మెరవాలని పెద్ద టీచరు కోడలికి చెప్పింది. కోడలు నాకు చెప్పింది. పనీ నీళ్ళూ పల్లానికే పారతాయి. నా కింద ఇంకెవరూ లేరు.

మెరుపులు ఎంతసేపటికి దిగుతున్నాయో ఫోనులో చూసుకోమంది కోడలు. నేను అక్షరాలతో చూసుకున్నాను. సీసా ఊపి బల్ల మీద పెట్టి 'అ' దగ్గర మొదలుపెడతాను. ఒక్కో అక్షరం పలక మీద దిద్దినంత నిదానంగా అనుకుంటూ పోతే, 'ళ' దగ్గరికి వచ్చేసరికి చివరి మెరుపు అడుక్కి చేరాలి. 'మ' దగ్గరే చేరిపోతే జిగురు చాలనట్టు. 'ఱ' దాటినా తేలుతుంటే ఎక్కువైనట్టు. అరవై రెండేళ్ళకి నేర్చుకున్న అక్షరాలవి. వాటితో ఇంట్లో నేను చేసిన మొదటి పని ఇదే.

వీధి చివర లైబ్రరీ వెనక గదిలో గురువారం, శనివారం, మూడు నుంచి నాలుగున్నర దాకా మాకు చదువు. చెప్పేది రిటైరైన నర్సు. ఉన్నవి ఎనిమిది కుర్చీలు. చోటు కోసం బయట ఎదురుచూసేవాళ్ళున్నారు కాబట్టి, నెలలో మూడుసార్లు రాకపోతే కుర్చీ ఇంకొకరికి ఇస్తానని మొదటిరోజే చెప్పింది. ఈ నెలలో నేను రెండుసార్లు వెళ్ళలేదు. ఒకసారి కుళాయి బాగుచేసే మనిషి వస్తాడన్నారు. ఇంకోసారి కొత్త బీరువా తెస్తారన్నారు. "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా అమ్మా" అన్నాడు మా అబ్బాయి. వాడు ఆ మాట అన్నది ఇంట్లోంచే. ముందుగదిలో తలుపేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు వాడి ఉద్యోగం. కుళాయికీ వాడికీ మధ్య పది అడుగుల దూరం. అయినా ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

వాళ్ళ నాన్నా అంతే. ఆయన పోయి ఆరేళ్ళు. ఏదన్నా కాగితం వస్తే "వేలు ఇటివ్వు" అనేవారు. సిరాలో అద్ది, చెంచా పట్టుకున్నట్టు నా బొటనవేలు పట్టుకుని కాగితం మీద నొక్కి, "ఇక వెళ్ళి నీ పని చూసుకో" అనేవారు. ఏం రాసుందని ఒక్కసారి అడిగాను. "తెలుసుకుని ఏం చేస్తావ్, కూరలో వేస్తావా?" అన్నారు. అందరూ నవ్వారు. అక్షరం ముక్క రాని మా అత్తగారు కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాట ఎప్పుడో అరిగిపోయింది. నా నవ్వే ఇంకా అరగలేదు.

సోమవారానికి ఇరవై సీసాలు అయ్యాయి. మంగళవారం కోడలు నమూనాకి ఒకటి బడికి పట్టుకెళ్ళి, మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పైన వెలితిగా ఉందట అత్తయ్యా. పిసినారితనంలా కనిపిస్తోందట. మిగతావన్నా నిండా పొయ్యమంది పెద్ద టీచరు."

"నిండా పోస్తే కదలవమ్మాయ్."

"నాకూ తెలుసండీ. ఆవిడ మాట నేను కాదనగలనా?"

కాదనలేనిది కోడలు ఒక్కతే కాదు. మిగతా ఇరవై నిండా పోసి మూతలు అంటించాను. బుధవారం మధ్యాహ్నం కోడలు ఒకటి తీసి ఊపింది. లోపల మెరుపులు నిద్రలో పక్కకి తిరిగినట్టు కొంచెం కదిలి ఆగిపోయాయి. ఇంకొకటి ఊపింది. అదీ అంతే. మూతలు ఇక రావు. ఒకదాన్ని పళ్ళతో కూడా లాగి చూసి, చివరికి నేల మీద చతికిలబడింది.

"నిండా పొయ్యమని నేనెప్పుడన్నాను అంటుంది ఆవిడ, చూడండి."

టీ కోసం బయటికొచ్చిన అబ్బాయి అంతా విన్నాడు.

"నువ్వన్నా చూసుకోవాలిగా అమ్మా, పెద్దదానివి. రేపు మధ్యాహ్నం కూర్చుని చేసెయ్, అయిపోతుంది."

"రేపు నాకు క్లాసుంది. మానేస్తే కుర్చీ పోతుంది."

"పోతే పోనీ. ఇప్పుడు చదువుకుని నువ్వు ఏ ఉద్యోగాలు వెలగబెట్టాలి?"

నవ్వుతూనే అన్నాడు. అది వాళ్ళ నాన్న నవ్వు. ఈసారి నేను నవ్వలేదు. కోడలూ నవ్వలేదు. వాడు టీ కప్పు తొట్లో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నేను గిన్నెలు తోముతూ నిలబడ్డాను.

ఐదేళ్ళ మనవరాలు మంచి సీసా ఒకటి తెచ్చి, ఊపి, నా తడి చేతుల్లో పెట్టింది.

"ఇది చూస్తూ ఉండు నానమ్మా. నీకు కోపం వచ్చింది కదా."

"నాకా? కోపమా? లేదే."

"వచ్చింది. గిన్నెలు అరుస్తున్నాయి."

అలిసిపోయావా అని అడిగినవాళ్ళు ఈ జన్మలో ఒకరిద్దరున్నారు. తిన్నావా అని అడిగినవాళ్ళు ఇంకో ఇద్దరు. నాకు కోపం వచ్చిందని చెప్పినవాళ్ళు లేరు. నేనూ ఎప్పుడూ చెప్పుకోలేదు. నడుము నొప్పి అన్నాను, తలనొప్పి అన్నాను, వయసు అన్నాను, గ్యాసు అన్నాను. పిల్ల ఎదురుచూస్తోందని సీసా వైపు చూస్తూ 'అ' దగ్గర మొదలుపెట్టాను. 'క' దాటింది, 'మ' దాటింది. 'ళ' దగ్గరికి మెరుపులన్నీ అడుక్కి చేరాయి. సీసా బాగా కుదిరింది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"పోయిందా?" అంది పిల్ల.

"లేదమ్మా" అన్నాను. "నీ పుస్తకంలోంచి ఒక కాగితం ఇస్తావా?"

ఇన్నాళ్ళూ చూసి రాశాను, లేదా నర్సమ్మ చెబితే రాశాను. ఎవరూ చెప్పకుండా రాయడం అదే మొదలు. తొమ్మిది వరసలకి సాయంత్రమంతా పట్టింది. అక్షరాలు చలికి వణుకుతున్నట్టున్నాయి గానీ, నిలబడ్డాయి.

గురువారం రెండున్నరకి బట్టలు మార్చుకుని, సంచిలో పుస్తకం పెట్టుకున్నాను. ఆ కాగితాన్ని వంటగదిలో పెట్టలేదు. ముందుగది తలుపుకి, మా అబ్బాయి కళ్ళ ఎత్తున అంటించాను. కోడలు బడి నుంచి వస్తూ చుట్టుపక్కల ఇళ్ళన్నీ తిరిగి పోగుచేసిన ఇరవై సీసాల్ని, జిగురు డబ్బాని, పొడి పొట్లాన్ని ఆ గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టాను.

"ఫోన్లో ఉన్నానమ్మా" అన్నాడు లోపల్నుంచి.

"కానీయ్ నాన్నా, నాకు తొందరేం లేదు" అన్నాను.

వెనక కోడలు నిలబడి, పెదాలు కదుపుతూ కాగితం చివరిదాకా చదివింది. మూతలు లాగిన ఆమె వేళ్ళకి నిన్నటి జిగురు ఇంకా వదల్లేదు. ఆ వేళ్ళనే నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వంకెకి వేలాడుతున్న గొడుగు తీసి నా చేతికిచ్చింది.

"మబ్బుగా ఉంది అత్తయ్యా. నిదానంగా రండి."

కాగితం మీద ఇలా ఉంది:

సీసా కాగితం నానబెట్టి ఊడదియ్యి.
జిగురు నూనెతో రుద్దు. సబ్బుతో కడుగు.
మూడో వంతు తెల్లజిగురు. మిగతా వేడినీళ్ళు.
పొడి రెండు చెంచాలు. పూసలు నాలుగు.
పైన రెండు వేళ్ళ ఖాళీ వదులు, ఎవరు వద్దన్నా సరే.
మూత గట్టిగా అంటించు.
కూర్చునే చేసుకోవచ్చు.
మూడు నుంచి నాలుగున్నర దాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.
అది నువ్వు.