నలభై ఒకటో ఎల్మ్

మెల్బోర్న్‌కి దూరంగా కొండల్లో ఉన్న వారిండా ఊళ్ళోకి వచ్చే రోడ్డుకి రెండు వైపులా అరవై నాలుగు ఎల్మ్ చెట్లున్నాయి. మొదటి పెద్ద యుద్ధానికి ఆ చుట్టుపక్కల నుంచి వెళ్ళి తిరిగి రాని కుర్రాళ్ళు అరవై నలుగురు. ఒక్కొక్కరి పేరున ఒక్కో చెట్టు నాటారు అప్పటివాళ్ళు. ప్రతి చెట్టు మొదట్లో చిన్న ఇత్తడి ఫలక, దాని మీద ఒక పేరు. నలభై ఒకటో చెట్టు మీద ఉన్న పేరు ఎడ్విన్ టోల్‌హర్స్ట్. వెర్నా తాతకి తమ్ముడు. పందొమ్మిదేళ్ళు నిండకుండానే ఫ్రాన్సు బురదలో పోయాడు.

ఆ చెట్టు సరిగ్గా వెర్నా ఇంటి ముందుంది. ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుంది. టోల్‌హర్స్ట్ అనే ఇంటిపేరు ఇప్పుడు ఆ ఊళ్ళో రెండే చోట్ల ఉంది, ఆమె తపాలా పెట్టె మీద, ఆ ఫలక మీద.

ఆ దక్షిణపు దేశంలో వేసవి డిసెంబరులో వస్తుంది, మార్చి చివరికి ఎండ మెత్తబడుతుంది. ఏప్రిల్లో ఆకు పండుతుంది. జూన్ వచ్చేసరికి కొమ్మలు బోడి. ఈ మధ్యలో ఉన్న ఏడెనిమిది వారాలే వెర్నాకి ఏడాదంతటికీ పండగ. ఆ రోజుల్లో రోడ్డు మీద వెలుతురే మారిపోతుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఇంట్లో ఎవరో దీపం పెట్టినట్టు పసుపుగా ఉంటుంది. పొద్దున పొగమంచు తేలిపోగానే దంతె పట్టుకుని బయటికి వచ్చేది. రాలిన ఆకుని కుప్పలు చేసి, టార్పాలిన్ పట్టాలో మూటకట్టి, బడి వెనక కూరగాయల మడులకి పంపేది. మధ్యాహ్నాలు క్విన్స్ పండ్లు కోసి జామ్ వండేది. రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం నడుస్తుండేది, ఆమె దాన్ని వినేది కాదు, కానీ ఆపేదీ కాదు.

ఆమెకి తోడు మెర్వ్ డినీన్. ఎదురిల్లు. డెబ్బై ఒకటి నిండాయి. నలభై ఏళ్ళు పాల ట్యాంకరు నడిపి రిటైరైనవాడు. తొమ్మిదేళ్ళ కిందట భార్య జాయిస్ పోయింది. ఆ ఏడు ఏప్రిల్లో నాలుగు రోజులు కిటికీలోంచి వెర్నాని చూస్తూ నిలబడ్డాడు. అయిదో రోజు తన దంతె భుజాన వేసుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"నువ్వు ఊడుస్తుంటే ఆకులకి చక్కిలిగింతలు పెడుతున్నట్టుంది మహాతల్లీ. పని జరుగుతున్నట్టు లేదు" అన్నాడు.

"ట్యాంకరు తోలడం కాదిది. మెల్లిగా చెయ్యాలి" అంది వెర్నా.

అంతే. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఇద్దరూ కలిసే ఊడ్చారు. పదకొండింటికి ఆమె ఫ్లాస్కులో టీ తెచ్చేది, అతను డబ్బాలో బిస్కట్లు తెచ్చేవాడు. గోడ మీద కూర్చుని తాగేవాళ్ళు. ఒకరింట్లోకి ఒకరు వెళ్ళడం తక్కువ. చలికాలంలో చెయ్యి ఊపుకోవడం, కట్టెల గురించి రెండు ముక్కలు. మళ్ళీ ఏప్రిల్ వస్తే మాటలన్నీ బయటికొచ్చేవి.

తొమ్మిదేళ్ళు అలా గడిచాక ఒక మార్చి నెలలో కౌన్సిల్ నుంచి గ్లెండా వచ్చింది. ఊరి చెట్ల బాధ్యత ఆమెది. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. చెక్క సుత్తితో ఒక్కో చెట్టునీ కొట్టి వింటూ నలభై ఒకటో చెట్టు దగ్గర ఆగింది. మళ్ళీ కొట్టింది. వెర్నా గేటు దగ్గర నుంచి విన్నది. ఖాళీ పీపాని కొట్టినట్టుంది ఆ చప్పుడు.

"వెర్నా గారూ, లోపల డొల్లయిపోయింది. ఈ నెల్లోనే కొట్టెయ్యాలి" అంది గ్లెండా.

వెర్నా గేటు తీసుకుని రోడ్డు మీదికొచ్చింది. "ఆకు పండాక కొట్టండి. ఏప్రిల్ ఇరవై ఐదు, అన్జాక్ డే దాకా ఆగండి. ఆ రోజు పొద్దున్నే ఊరంతా ఈ దారినే నడుస్తుంది గదా, ఒక్కో పేరూ చదువుతూ. నలభై దగ్గర ఆగి నలభై రెండుకి వెళ్ళమంటారా?"

"నాకూ బాధగానే ఉంది. కానీ కొమ్మ పడితే?"

"నూరేళ్ళుగా పడలేదు. ఆరు వారాల్లో పడుతుందా?"

గ్లెండా నోటుబుక్కులో ఏదో రాసుకుని వెళ్ళింది. వెర్నా ఆ సాయంత్రమే కూర్చుని అర్జీ రాసింది. సంతకాల కోసం మొదట వెళ్ళింది ఎదురింటికే. మెర్వ్ కాగితం చదివి వెనక్కిచ్చాడు.

"కొట్టెయ్యాల్సిందే వెర్నా. బ్రేకులు సరిగా లేని బండిని ఇంకొక్క ట్రిప్పే గదా అని తియ్యరు."

"నీకు బండ్లు తప్ప ఏం తెలుసు!" అని వచ్చేసింది. రెండు రోజులు అతనివైపు చూడలేదు. మూడో రోజు పొద్దున ఆమె వంటింట్లో ఉండగా తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి జారింది. అది ఆమె దగ్గరున్న కాగితం కాదు. తెల్ల కాగితం మీద అతనే అర్జీ మాటలు మళ్ళీ రాసుకుని, అడుగున సంతకం పెట్టాడు. దాని కింద ఫుట్‌బాల్ క్లబ్బులో తిరిగి పెట్టించుకొచ్చిన సంతకాలు ఇంకో నలభై ఉన్నాయి.

కౌన్సిల్ ఒప్పుకుంది. ఏప్రిల్ ఇరవై ఆరున కొట్టేటట్టు, అందాకా ఎవరూ కిందికి వెళ్ళకుండా చుట్టూ ఎర్ర తెల్ల రిబ్బను కట్టేటట్టు. ఆ షరతు మీద సంతకం పెట్టింది గ్లెండా.

ఆ ఏడు పండినట్టు ఆ చెట్టు ఎప్పుడూ పండలేదు. తక్కినవాటి కన్నా వారం ముందే మొదలుపెట్టింది. మెల్బోర్న్ నుంచి వచ్చినవాళ్ళు కార్లాపి ఫోటోలు తీసుకున్నారు. వెర్నా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. మోకాలు వాచి ఉండడంతో ఆ ఏడు ఊడ్పు చాలావరకు మెర్వ్ మీదే పడింది.

"రాణిగారికి గొడుగు పట్టమంటారా?" అనేవాడు దంతె ఆపి.

"ముందు ఆ మూలనున్నది తియ్యి. మొన్నటి నుంచీ చూస్తున్నాను" అనేది.

పదహారో తారీఖు మంగళవారం. గాలి లేదు. ఒక్క ఆకు కూడా కదలని పొద్దు. రిబ్బను లోపల ఊడవడానికి లేదు కనుక ఆకు మోకాలెత్తు పేరుకుంది. ఫలక పూర్తిగా కప్పుకుపోయింది.

"పేరు కనిపించట్లేదు మెర్వ్. తొమ్మిది రోజుల్లో అందరూ వస్తారు" అంది వెర్నా కుర్చీలోంచి.

"దాని సంగతి చూస్తా. అర నిమిషం పని" అని అతను రిబ్బను ఎత్తి కింద నుంచి దూరాడు.

వద్దు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అతను వంగి చేత్తోనే ఆకుని పక్కకి నెడుతున్నాడు. ఇత్తడి మెరిసింది. వెర్నా అనలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. పాత తలుపు తీసినట్టు కిర్రుమంది, అంతే. ఆవు నడుమంత లావు కొమ్మ, ఆకులన్నిటితో సహా దిగింది. ఆమె లేచి నిలబడేసరికి పసుపు కుప్ప తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కుప్పలోంచి అతని బూటు ఒకటి బయటికుంది.

మోకాలి నొప్పి ఆమెకి గుర్తు లేదు. కొమ్మల్లోకి దూరి, అతని మొహం మీది ఆకులు తీసి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. "మాట్లాడు, ముసలోడా, మాట్లాడు" అంటూనే ఉంది. అతను కళ్ళు తెరిచి, "అరవకు. చెవుడు లేదు నాకు" అన్నాడు. తర్వాత స్పృహ తప్పింది. గంటకి బడి మైదానంలో హెలికాప్టర్ దిగింది.

తుంటి ఎముక మూడు ముక్కలైంది. ఎడమ కాలు నాలుగు చోట్ల విరిగింది. బతుకుతాడు, మునుపటిలా నడవడు అన్నారు డాక్టర్లు.

గురువారమే చెట్టు కొట్టేశారు. వెర్నా బయటికి రాలేదు. వంటింట్లో రంపం మోత వింటూ కూర్చుంది. అంతా అయ్యాక వెళ్ళి చూస్తే మొద్దు లోపల మనిషి నిలబడేంత డొల్ల ఉంది. దాని పక్కన గ్లెండా ఒక్కతే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అన్జాక్ డే పొద్దున ఊరంతా చెట్ల కింద నడుస్తుంటే వెర్నా బస్సెక్కి రెండు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. మెర్వ్ కాలు బరువులకి కట్టి ఉంది. మొహం చిక్కిపోయింది.

"రా. మీ చిన్నతాత నా మీద పడ్డాడు. మీ వంశం మర్యాద ఇదేనా?" అన్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. సంచీలోంచి జామ్ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు వద్దన్నావు. నేను వినలేదు. ఆ రోజు లోపలికి వెళ్తుంటే చూస్తూ కూడా వద్దనలేదు. నేనే చేశానిది."

"సంతకం పెట్టింది నేను. రిబ్బను ఎత్తింది నేను. అన్నీ నీ ఖాతాలోనే వేసుకోకు."

"నా కోసమే గదా ఎత్తావు?"

మెర్వ్ కిటికీ వైపు తిరిగాడు. "ఇంకెవరి కోసం ఎత్తుతాను?" అన్నాడు మెల్లిగా. "మా అమ్మాయి నోలీన్ వచ్చింది నిన్న. నా ఇంటికి అన్నీ మెట్లే గదా. టౌన్స్‌విల్ తీసుకెళ్తానంటోంది, ఉత్తరాన తన దగ్గరికి. అక్కడ ఏడాది పొడుగునా ఆకు పచ్చగానే ఉంటుందట. ఊడ్చే పనే లేదు."

వెర్నా జామ్ సీసాని బల్ల మీద ఇంకాస్త లోపలికి జరిపింది. "మంచిదేగా" అంది.

"నువ్వూ రారాదూ? చక్రాల కుర్చీ తోసేవాళ్ళు కావాలి."

"నాకు ఉక్కపోత పడదు. పైగా నువ్వు తిండిబోతువి. బండి బరువెక్కుతుంది."

ఇద్దరూ నవ్వారు. నర్సు తలుపులోంచి తొంగి చూసి తనూ నవ్వింది. తిరిగి వచ్చే బస్సులో సగం దారికి వచ్చాక వెర్నాకి తెలిసింది, అతను హాస్యానికి అనలేదని. కిటికీ బయట కొండ కింది పాప్లర్ చెట్లు ఆకు పండి వరసగా మండుతున్నట్టున్నాయి. ఆమె వాటిని చూడలేకపోయింది.

మే నెల మొదట్లో కౌన్సిల్ సమావేశం పెట్టింది. గ్లెండాని ఉద్యోగంలోంచి తియ్యాలని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. వెర్నా లేచి నిలబడింది. "చెట్టు పడుతుందని ఆమె చెప్పింది. నేను వినలేదు. ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించుకున్నాను. మీరూ పెట్టారు, మీరూ పెట్టారు" అని ఇద్దరినీ వేలితో చూపించింది. "ఎవరినైనా తియ్యాలంటే మమ్మల్ని తియ్యండి ఈ ఊళ్ళోంచి." ఎవరూ తలెత్తలేదు. గ్లెండా ఉద్యోగం నిలిచింది. కానీ నెల తిరక్కుండా ఆమే వేరే ఊరికి బదిలీ అడిగి వెళ్ళిపోయింది.

మే చివరి శనివారం నోలీన్ తండ్రిని కారులో తీసుకొచ్చింది, కావలసినవి సర్దుకోవడానికి. మెట్లెక్కలేక మెర్వ్ చక్రాల కుర్చీలో వాకిట్లోనే ఉండిపోయాడు. వెర్నా రోడ్డు దాటి వెళ్ళింది. తక్కిన చెట్లు దాదాపు బోడిగా ఉన్నాయి. ఎవరూ ఊడవని ఆకు తడిసి నల్లబడి రోడ్డుకి అంటుకుంది.

"ఆంటీ, నాన్న గొంగళి ఏ అలమరలో ఉందో మీకేమైనా తెలుసా?" అని నోలీన్ లోపలి నుంచి అడిగింది.

"తెలీదమ్మా. నేను లోపలికి ఎప్పుడూ పెద్దగా రాలేదు" అంది వెర్నా. ఆ మాట అన్నాక తనకే ఆశ్చర్యమనిపించింది.

ఆమె కుర్చీ పక్కన నిలబడింది. వారం రోజులుగా అనుకుంటున్న మాట. "ఆ రోజు రమ్మన్నావే. నిజంగా అన్నావా?"

మెర్వ్ ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన కాలు వైపు చూసుకున్నాడు. దుప్పటి కింద అది వేరే ఎవరిదో అన్నట్టు పడుంది.

"లేదులే. ఊరికే అన్నాను" అన్నాడు.

అబద్ధమని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని అతనికీ తెలుసు. వెర్నా వంగి అతని మఫ్లరు సరిచేసింది, అవసరం లేకపోయినా. నోలీన్ పెట్టెలు తెచ్చి డిక్కీలో సర్దింది. కుర్చీ మడవడానికి అవస్థ పడుతుంటే వెర్నా చెయ్యి వేసింది. కారు కదిలాక మెర్వ్ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపాడో లేదో ఆవిరి పట్టిన గాజులో కనిపించలేదు.

జూన్లో ఆ ఇంట్లోకి పిల్లలున్న కుటుంబం అద్దెకి దిగింది. మంచివాళ్ళే. ఆదివారాలు మెర్వ్ ఫోన్ చేసేవాడు. ఇక్కడ ముప్ఫై డిగ్రీలు, అక్కడెంత అనేవాడు. సున్నా, పొద్దున మంచు కురిసింది అనేది వెర్నా. కట్టెలు సరిపోతాయా అని అడిగేవాడు. సరిపోతాయనేది. ఆ తర్వాత మాటలు దొరికేవి కాదు. చేతిలో పని లేకుండా ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో ఇద్దరికీ అలవాటు లేదు.

"చెట్లెలా ఉన్నాయి?" అన్నాడొకసారి.

"బోడిగా ఉన్నాయి. చెట్టు పోయిన చోట నుంచి ఎండ ఇప్పుడు నా వంటింట్లోకి వస్తోంది. ఈ చలిలో నేనొక్కదాన్నే వెచ్చగా ఉన్నానని ఊళ్ళో వాళ్ళంటున్నారు."

అవతల అతని ఊపిరి వినిపించింది.

"కూర్చో ఆ ఎండలో. కుర్చీ అటు జరుపుకుని కూర్చో" అన్నాడు మెర్వ్. "సరే, ఉంటాను. నోలీన్ భోజనానికి పిలుస్తోంది."

వెర్నా ఫోన్ పెట్టేసింది. చెట్టు పోయిన చోట నుంచి వచ్చే ఆ ఎండలోకి కుర్చీ జరపలేదు. పొయ్యిలోకి ఇంకో కట్టె వేసి, అది అంటుకునేదాకా అక్కడే నిలబడింది.