అమర్ సింగ్ గుంతకు రెండున్నర తట్టలు

ఫాస్ట్ బౌలర్ బంతి విసిరేటప్పుడు ముందుకాలు ఒకేచోట పడుతుంది. పొద్దంతా అదే చోట. సాయంత్రానికి అక్కడ గుంత పడుతుంది. ఆట ముగిసి జనం వెళ్లిపోయాక ఆ గుంతను బంకమన్నుతో పూడ్చి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టడం మా పని.

పెవిలియన్‌లో కూర్చునే పెద్దమనుషులు బౌలర్లను వికెట్లతో పోలుస్తారు. టీకొట్టు దగ్గర పేపరు చదివేవాళ్లు స్టంపు ఎంత దూరం ఎగిరిందో చెప్పుకొని పోలుస్తారు. మేము తట్టలతో పోల్చేవాళ్లం. ఎవడి గుంతకు ఎక్కువ మన్ను పడితే వాడు గొప్ప. ఇంగ్లండు ఫాస్ట్ బౌలర్ లార్వుడ్ గురించి ఎవరెంత చెప్పినా మాకు పట్టేది కాదు. మద్రాసులో ఆ మనిషికి మేం గుంత పూడ్చలేదు.

ఈ లెక్క నేర్పింది దేవరాజులు మేస్త్రి. గ్రౌండు కూలీలందరికీ ఆయనే పెద్ద. నేను సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి చేపాక్‌లో రోలరు లాగడానికి చేరింది ముప్పై ఏడులో. చదివింది ఐదో తరగతి. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం మేమిద్దరమే పిచ్ మీద కూర్చొని గడ్డి పీకుతున్నాం.

“అందరికన్నా పెద్ద గుంత ఎవరిది మేస్త్రీ?” అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. “అమర్ సింగ్‌ది. ముప్పై నాలుగులో, ఇంగ్లండోళ్ల మీద. ఏడుమందిని తీసినాడు. ఒక్క పొద్దుకే రెండున్నర తట్టలు పట్టింది.”

అంతే. ఆ మాట నాలో దిగిపోయింది. నలభై తొమ్మిదిలో వెస్టిండీస్ వాళ్లు వచ్చారు, యాభై రెండులో ఇంగ్లండు వాళ్లు వచ్చారు. ప్రతి సాయంత్రం తట్ట పట్టుకొని ముందు నేనే వెళ్లేవాణ్ణి. ఎవరి గుంతా రెండు తట్టలు దాటలేదు. దాటనప్పుడల్లా ఏదో నా సొంత మనిషి గెలిచినట్టు ఉండేది. నేను అమర్ సింగ్‌ను చూసింది లేదు.

యాభై ఆరులో ఆస్ట్రేలియా వాళ్లతో ఆట కార్పొరేషన్ స్టేడియంలో జరిగింది. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. లిండ్వాల్ ఏడు వికెట్లు తీశాడు. ఆ సాయంత్రం గుంత పూడ్చింది నేనూ ఆనందనూ. ఆనందన్ చింతాద్రిపేటలో పుట్టి పెరిగినవాడు. పన్నెండేళ్లుగా నా పక్కనే రోలరు లాగుతున్నాడు.

“ఒకటీ ముప్పావు,” అన్నాను.

మేస్త్రి నవ్వాడు. “చూసినారా? ఇతనూ ఏడు తీసినాడు. మన్నేది?”

“మేస్త్రీ, ఈయన కాలు ఈడుస్తాడు,” అన్నాడు ఆనందన్. “చూడు, నాగటిచాలు మాదిరి పొడుగ్గా గీసినాడు. లోతేం లేదు. చాలునూ బావినీ ఒక తట్టతో కొలిస్తే యెట్ల? అదీగాక చేపాక్ మన్ను వేరు, ఈడ మన్ను వేరు.”

“మన్ను సంగతి నాకు నేర్పిస్తావురా?”

“నేనెందుకు నేర్పిస్తా. సుమ్మా ఒకటే అడుగుతా, ఊరికే. ముప్పై నాలుగులో తట్టలు లెక్కబెట్టింది యెవరు? నువ్వేనా?”

చుట్టూ ఎనిమిదిమంది ఉన్నాం. ఎవరూ దిమ్మిస ఎత్తలేదు.

“నేనే,” అన్నాడు మేస్త్రి.

“అయితే కర్పూరం ఆర్పి చెప్పు.”

మేస్త్రి ముఖం నల్లబడింది. కర్పూరం వెలిగించి, దాన్ని చేత్తో ఆర్పి ప్రమాణం చేయమనడం దొంగను అడిగే పద్ధతి. ఆయన తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆఫీసుగది ముందు ఆనందన్‌ను నిలబెట్టారు. రోలరు షెడ్డు వెనక తన మీద పార ఎత్తాడని మేస్త్రి ఫిర్యాదు. సాక్షి ఉన్నాడని నన్ను పిలిచారు. లోపలికి పోయేముందు మేస్త్రి నా భుజం పట్టుకున్నాడు.

“పార ఎత్తినాడు మాదయ్యా. నువ్వు చూసినావు.”

నేను చూడలేదు. కాని మేస్త్రిని అబద్ధాలకోరు అన్నవాడు పార కూడా ఎత్తే ఉంటాడని నాకు తోచింది. సెక్రటరీ అడిగితే “చూశాను” అన్నాను. నేను మితంగా మాట్లాడే మనిషినని అందరికీ తెలుసు. అందుకే ఇంకేమీ అడగకుండా నమ్మారు. ఆనందన్ నా ముఖం వైపు ఒక్కసారి చూశాడు. షెడ్డులో కొక్కేనికి తగిలించిన చొక్కా తీసుకొని వెళ్లిపోయాడు. తర్వాత జార్జి టౌన్‌లో సరుకుల చేతిబండి లాగుతున్నాడని విన్నాను.

ఆ తర్వాత రెండేళ్లూ నన్ను నిద్రపుచ్చింది ఒకటే ఆలోచన. మేస్త్రి లెక్క నిజం. లెక్క నిజమైతే ఆనందన్‌ది తప్పు. ఆనందన్‌ది తప్పయితే నేనన్న మాట అంత పాపం కాదు.

యాభై తొమ్మిది జనవరిలో అదే స్టేడియానికి వెస్టిండీస్ జట్టుతో హాల్ అనే పొడుగాటి ఫాస్ట్ బౌలర్ వచ్చాడు. అతను పరుగు మొదలుపెట్టే చోటు బౌండరీ దగ్గర మేము కూర్చునే తెల్ల తెర పక్కనే. మెడలో గొలుసు అతనికన్నా ముందు ఎగిరేది. కాలు పడినప్పుడల్లా, కింద కూర్చున్న నాకు ఆ అదురు తెలిసినట్టే ఉండేది. ఇరవయ్యేళ్లలో అలాంటిది ఎరగను.

సాయంత్రం వెళ్లి గుంతలో చెయ్యి పెట్టాను. వేళ్లు దించితే మణికట్టు దాకా వెళ్లింది. మూడు పడుతుందనుకున్నాను.

“జరుగు,” అన్నాడు మేస్త్రి వెనక నుంచి. “ఇది నేను పూడుస్తా.”

ఆయన తట్ట ముట్టి ఏళ్లయింది. అరవై దాటాయి. ఒకటి పోశాడు. రెండోది పోశాడు. పారతో సాపు చేసి, దిమ్మిస వేయించి, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు.

“రెండుకే సరి! పోండప్పా పోండి. అమర్ సింగ్ అమర్ సింగే.”

కూలీలు ఈలలు వేశారు. నాకు ఊపిరి తిరిగింది. తట్ట కడిగి పెడదామని ఎత్తి నడుమున పెట్టుకున్నాను. చెయ్యి చుట్టితే వేళ్లు అవతలి అంచును పట్టుకోవాలి. ఇరవయ్యేళ్లుగా అలాగే పట్టుకున్నాయి. ఆ రోజు అందలేదు.

కొళాయి దగ్గర చూశాను. వెదురుబద్దలు ఇంకా పచ్చివాసన వేస్తున్నాయి. షెడ్డులో వెతికితే గోనెపట్టా కింద పాత తట్ట దొరికింది. దాన్ని కొత్తదాంట్లో పెట్టాను. అంచులతో సహా మునిగిపోయింది.

మేస్త్రి షెడ్డు బయట బీడీ ముట్టిస్తున్నాడు. నా చేతుల్లో ఒకదాంట్లో ఒకటి ఉన్న తట్టలను చూశాడు. సిగ్గుపడతాడనుకున్నాను. విసుగు మాత్రమే కనిపించింది.

“పాతది చివికిపోయింది,” అన్నాడు.

“చివకలేదు మేస్త్రీ. గట్టిగానే ఉంది.”

“ఏం జేయమంటావురా? ఆ పొడుగాయన రెండు ఓవర్లు వేసేసరికే తెలిసిపోయె, మూడు పడుతుందని. మధ్యాహ్నమే పెద్దది అల్లించి పెట్టినాను, ఎందుకైనా మంచిదని.”

“పడితే పడనీ. మనకేం పోయె?”

“ఇన్నేండ్లుగా చెప్పినాను గదరా.”

“ముప్పై నాలుగులో రెండున్నర నిజమేనా?”

ఆయన పొగ వదిలాడు. “అప్పుడు తట్టలు యెవరు లెక్కబెట్టినారు? దొర పూడ్చమన్నాడు, పూడ్చినాము. పల్లె నుంచి వచ్చిన పిల్లోడివి, నోరు తెరుచుకొని అడిగినావు. యేదో ఒకటి చెప్పాల గదా.”

“ఆనందన్ అడిగిందీ అదే.”

“నువ్వు ఒంటిగా అడిగినావు. వాడు నలుగుర్లో అడిగినాడు.”

“పార ఎత్తినాడా?”

“చూసినానని నువ్వే చెప్తివి గదా,” అన్నాడు మేస్త్రి.

నేను తట్టలు కింద పెట్టాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చూశానన్నది నేనే.

ఆట ముగిసింది. మనవాళ్లు ఓడారు. మర్నాడు జార్జి టౌన్‌కు వెళ్లాను. సందుసందూ తిరిగితే ఒక గోడౌను ముందు ఆనందన్ బండి మీద గుడ్డల బేళ్లు కడుతూ కనిపించాడు. చిక్కిపోయాడు. అరచేతులకు గుడ్డ చుట్టుకున్నాడు. పక్కన నిలబడి జరిగినదంతా చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడలేదు. అతను తాడు బిగిస్తూనే విన్నాడు.

“పాత తట్టతో అయితే యెంత పట్టేది?” అన్నాడు.

“మూడు.”

“అయినా అది లెక్క గాదు. చేపాక్ మన్ను వేరు, స్టేడియం మన్ను వేరు. నేను చెప్పింది అదే, యెవరు విన్నారు?”

“రేపు ఆఫీసుకు పోయి చెప్తా. నేను చూడలేదని, అబద్ధం చెప్పినానని.”

“ఇప్పుడు యెవరికి కావాలప్పా?” తాడుకు ముడి వేసి నా వైపు తిరిగాడు. “నేనేమనుకున్నానో తెలుసునా? అబద్ధమని నువ్వు తెలిసే చెప్పినావనుకున్నా. మేస్త్రి బెదిరించినాడు, బిడ్డలు గలవాడు, పనికి భయపడి చెప్పినాడులే అనుకున్నా. అట్ల అనుకొని నిన్ను తిట్టడం కూడా మానేసినా. ఇప్పుడొచ్చి, నమ్మి చెప్పినానంటావు.”

“మేస్త్రి మాట...”

“పన్నెండేండ్లు ఒక రోలరు లాగినాము. నేను చెయ్యి ఎత్తే మనిషినా కాదా నీకు తెలవదా? నన్ను నమ్మలేదు. రెండున్నర తట్టల్ని నమ్మినావు.”

వెనక బస్సు హారను కొట్టింది. ఆనందన్ కాడి కిందికి దూరి గుండెతో తోశాడు. చక్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. నేను వెనక నుంచి బేళ్లకు చేతులు ఆనించి నెట్టాను. బండి కదిలింది.

“చెయ్యి తియ్యి మాదయ్యా,” అన్నాడు, తిరిగి చూడకుండా.

తీశాను. బండి ఆగినంత పనయింది. అతను మళ్లీ వంగాడు. ఒక్కడికి ఆ బరువు ఎక్కువే.