పంది పక్కన పీట

మధ్యాహ్నం రంగమన్నారుగారు మాత్ర వేసుకోగానే పంది వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. విస్తరి ముట్టదు. కళ్లు మూసుకుని ఆయన తిన్నది అరిగిస్తుంది, అంతే.

ఆయన క్లోమగ్రంథి పని మానేసి చాన్నాళ్లయింది. అన్నాన్నీ పప్పునీ నేతినీ విడగొట్టే రసాలు పేగులోకి దిగడం లేదు. మాత్రలు మొదలెట్టక ముందు తిన్నది తిన్నట్టే పోయేది, మనిషి పుల్లలా అయిపోయారు. ఆ మాత్రల్లో ఉండేది పంది క్లోమం నుంచి తీసిన రసాలేనని డాక్టరు ముందే చెప్పాడు.

"తమరు మడి కట్టుకుంటారని తెలుసండి," అంటుంది పంది మర్యాదగా. "నేను వంటింట్లోకి రాను. కడుపులోకే వస్తాను."

ఆయనకి అది సబబుగానే తోస్తుంది. దాని నుదుట నామం దిద్ది, తీర్థం ఇచ్చి, తన పక్కనే పీట వేయిస్తారు. తనకి అవసరమైతే శాస్త్రం ఎంత మెత్తబడుతుందో చూడండి.

కోడలు ఎస్తేరు కంచం మాత్రం వీధి అరుగు మీదే. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమెకి లోపల చోటు లేదు. మొగుడు నోరెత్తడు. ఇవాళ వాన. చినుకులు పడి కంచంలో పులుసు పెరుగుతూనే ఉంది, ఎంత తిన్నా తరగడం లేదు.

ఆమె గుమ్మం దగ్గరికి వస్తుంది.

"మావయ్యగారూ, ఓ మూల కూర్చుని తింటాను. లోపలికి రానా?"

"శాస్త్రం ఒప్పుకోదమ్మా."

"మరి ఆ పంది?"

"అది మందు. మందుకి మడేమిటి?"

 ఎస్తేరు ఏడవదు. కంచం కడిగి బోర్లిస్తుంది.

మర్నాడు ఆయన మాత్రల సీసా వంచితే అరచేతిలో ఎస్తేరు పడుతుంది, మోకాళ్లు ముడుచుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని.

"నేనూ మందునయ్యాను మావయ్యగారూ."

సీసాలో ఇంకేమీ లేదు. ఎదురుగా అన్నం పొగలు కక్కుతోంది. ఆయన గోవిందా అనుకుని, నీళ్లతో మింగేస్తారు. ఆమెకి తోడుంటానని పంది కూడా పీట మీద నుంచి లేచి వెనకే దిగుతుంది.

కడుపులో పీటలు వాల్చిన చప్పుడవుతుంది. ఆయన ముద్ద మీద ముద్ద మింగుతారు. ఒక్కటీ ఆయన ఒంటికి పట్టదు. లోపల ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ తింటున్నారు. విస్తరి ఖాళీ అవుతుంది, ఆకలి రెట్టింపవుతుంది.

"నాకేదమ్మా?" అంటారు, కడుపుకేసి వంగి.

"రెండో బంతికి పిలుస్తాం, కూర్చోండి," అంటుంది ఎస్తేరు లోపలి నుంచి.

రంగమన్నారుగారు కాళ్లు కడుక్కుని, ఓరగా వేసి ఉన్న తన బొడ్డు తలుపు బయట, ఖాళీ విస్తరి ముందేసుకుని కూర్చుంటారు.