సారవ్వ ఆమెన్

సారవ్వ కాన్వెంట్ వంటగదిలో గిన్నెలు తోమి బోర్లించింది. గోళ్లలో మసి పోలేదు. చేతులు కొంగుకు తుడుచుకొని, నల్ల అట్ట బైబిలు చంకన పెట్టుకొని, పక్కనే ఉన్న కథోలిక గుడి వైపు నడిచింది.

తమ బాప్టిస్టు మందిరానికే వచ్చే రాజకుమారి గేటు దగ్గర ఆపింది.

"మన మందిరం అటుంటె ఇటు పోతున్నవేందక్కా?"

"మన పాస్టరయ్య మనసుకొచ్చిన వాక్యం చెప్తడు. ఆమోసు ప్రవక్త మాటలు ఒక్కసారి చెప్పయ్యా అని ఎన్నేండ్లసంది అడుగుతున్న! మందిరానికి మా మరిది రేకులేయించిండు గదా, పాస్టరయ్య నోరెట్ల లేస్తది? ఈడ గట్ల గాదు. ఏ ఆదివారానికి ఏది రాసుంటె గదే సదువాలె. ఇయ్యాల గదే ఉందంట, సిస్టరమ్మ చెప్పింది. సదివే వంతు మా మరిదిదే."

గని కార్మికుడైన భర్త జ్వరంతో పోయినప్పుడు, "పిలగాడు పెద్దగయ్యేదాక నేను చేస్త వదినె" అని మరిది దేవదానం, చనిపోయినవారి ఇంట్లో ఒకరికి గనివాళ్లిచ్చే ఆ కొలువులో చేరాడు. ఏడాది తిరగకముందే ఆమె సామాను క్వార్టర్ బయట పెట్టించాడు. కొడుకు ఇప్పుడు బొగ్గు లారీల మీద టార్పాలిన్ పట్టాలు కడుతున్నాడు. దేవదానం కథోలికుల పిల్లను చేసుకొని, ఈ గుడిలో వాక్యం చదివే పెద్దమనిషయ్యాడు.

సారవ్వ ముందు వరుసలో కూర్చుంది. దేవదానం ఇస్త్రీ చొక్కాతో లేచి, గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు. పేదల కడుపు కొట్టేవారిని, దొంగ తూకం వేసేవారిని ప్రవక్త నిలదీసిన మాటలు. ఆ గుడిలో చదువుతుండగా ఎవరూ పలకరు. చివరనే అందరూ కలిసి జవాబిస్తారు.

"ఆమెన్!" అంది సారవ్వ, తన మందిరంలో అన్నట్టే గొంతెత్తి.

తలలన్నీ తిరిగాయి. దేవదానం ఆమెను చూశాడు. కళ్లద్దాలు పైకి తోసుకొని, వాళ్లు చేసిన పనులేవీ దేవుడు ఎన్నటికీ మరవడన్న మాట చదివాడు.

"ఆమెన్! మల్లొక్కసారి సదువు దేవదానం. నా కొడుకు లారీల కాడున్నడు, పోయి వానికి చెప్పాలె."

దేవదానం కళ్లద్దాలు తీసి పుస్తకం మీద పెట్టాడు. చివర చెప్పవలసిన 'ప్రభువు వాక్కు' కూడా చెప్పకుండా పక్క తలుపు నుంచి బయటికి నడిచాడు. సారవ్వ నడుము నిటారుగా పెట్టి చివరిదాకా కూర్చుంది.

సాయంత్రం రాజకుమారి వంటగది గుమ్మంలో నిలబడింది. "మీ మరిది కొత్తగూడెంల బిడ్డ దగ్గరికి పోయిండంట. ఇగ రాడంటున్నరు."

"పోనీ," అంది సారవ్వ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

మరునాడు సిస్టరమ్మ చెప్పగా గుడి ఊడ్చి, వాక్యం చదివే బల్లను తుడిచింది. తెరిచిన పేజీల మీద దేవదానం కళ్లద్దాలు ఉన్నాయి. ముట్టకుండా చుట్టూ గుడ్డ తిప్పింది. కాడలు చాపుకొని అవి అలాగే ఉన్నాయి, ఒక అద్దం మీద ఆరిపోయిన చెమట మరకతో.